పావురానికి ఉత్తరం సంగతి తెలీదు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ జరిగింది. ఎజెండాలో మూడు ఐటెమ్స్. నీళ్ళ ట్యాంకర్ల బిల్లు, విజిటర్స్ పార్కింగ్, పావురాలు. మొదటి రెండూ ఎప్పటికీ తేలవని బెంగుళూరులో ఉండేవాళ్ళందరికీ తెలుసు కాబట్టి జనం మూడోదాని మీద పడ్డారు. ఏసీల మీద రెట్టలు, బాల్కనీల్లో పుల్లలు, మూడో ఫ్లోరులో ఒకావిడకి ఎంతకీ తగ్గని దగ్గు. పది నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. అన్ని బాల్కనీలకీ వలలు కట్టించాలి, ఖర్చు అందరిదీ. నేనూ చెయ్యెత్తాను.

కిందికి దిగుతుంటే, నెట్‌వర్కింగ్ కంపెనీలో పనిచేసే పక్క ఫ్లాటు కుర్రాడు "ఏమైనా అనండి సార్, ఒకప్పుడు ఇవి మన కొలీగ్సే. ఆర్ఎఫ్‌సీ 1149 గుర్తులేదా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే మాది మదనపల్లె. పదో క్లాసు చదివేటప్పుడు నేను పావురాల్ని పెంచాను. పెంచాను అనడం తప్పేమో, ఒకాయన నన్ను నమ్మి అప్పగించాడు. ఆ రెండింటికీ తేడా ఏంటో చివర్లో చెప్తాను. ముందు కాస్త చరిత్ర.

ఆర్ఎఫ్‌సీ 1149 గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇంటర్నెట్ పద్ధతుల్ని వివరించే పత్రాల వరసలో 1990 ఏప్రిల్ 1న (తేదీ చూశారుగా :)) డేవిడ్ వైట్జ్‌మన్ అనే ఆయన రాసిన పత్రం అది. ఐపీ ప్యాకెట్లని పక్షుల మీద పంపడం ఎలా అన్నది విషయం. ప్యాకెట్‌ని హెక్సాడెసిమల్లో చిన్న కాగితం మీద ప్రింట్ చేసి, చుట్టి, పావురం కాలికి టేపుతో అంటించాలి. 1999లో ఆయనే దీనికి క్వాలిటీ ఆఫ్ సర్వీస్ కూడా తగిలించాడు. జోకు అక్కడితో ఆగలేదు. 2001 ఏప్రిల్ 28న నార్వేలోని బెర్గెన్ లినక్స్ యూజర్ గ్రూపు వాళ్ళు నిజంగానే పావురాల్ని తెచ్చి పింగ్ కొట్టారు. తొమ్మిది ప్యాకెట్లు పంపితే నాలుగింటికి జవాబొచ్చింది. అంటే 55 శాతం ప్యాకెట్ లాస్. అన్నిటికన్నా తొందరగా వచ్చిన జవాబుకి 53 నిమిషాలు పట్టింది.

2009 సెప్టెంబరులో దక్షిణాఫ్రికాలో ఇంకో పందెం జరిగింది. విన్‌స్టన్ అనే పావురం కాలికి 4 జీబీ మెమరీ కార్డు కట్టి డర్బన్ వైపు వదిలారు. అదే డేటాని అదే సమయంలో ఏడీఎస్ఎల్ లైను మీద పంపడం మొదలుపెట్టారు. పావురం ఎనభై కిలోమీటర్ల దూరం గంటా ఎనిమిది నిమిషాల్లో చేరింది. కార్డులోంచి డేటా కంప్యూటర్లోకి ఎక్కించడం కూడా కలుపుకుంటే మొత్తం రెండు గంటల ఏడు నిమిషాల్లో పని అయిపోయింది. అప్పటికి లైను మీద వచ్చింది నాలుగు శాతం.

మనవాళ్ళు ఈ కథలన్నీ చెప్పుకుని నవ్వుకుంటారు. నేనూ చాలాసార్లు చెప్పాను. కానీ ఈసారి ఆ 1149 పత్రాన్ని మళ్ళీ తీసి చదివితే ఒకచోట ఆగిపోయాను. దారిలో పావురం పోయినా ఫరవాలేదు, కాలం గడిచేకొద్దీ ఇవి వాటంతట అవే మళ్ళీ పుట్టుకొస్తాయి అన్న అర్థంలో ఓ మాట ఉంది అందులో. వాటంతట అవేనా? పావురాల్ని ఒక్క నెల మేపినవాడెవడూ ఆ మాట రాయడు.

మా వీధిలో ఒక సాయిబు ఉండేవాడు. బస్టాండు దగ్గర వాచీలు రిపేరు చేసే చిన్న బంకు. పిలకాయలం అందరం భాయ్ అనే పిలిచేవాళ్ళం. వాళ్ళ మిద్దె, మా మిద్దె కలిసే ఉంటాయి, మధ్యలో మోకాలెత్తు పిట్టగోడ. ఆయన మిద్దె మీద టమాటా మార్కెట్ నుంచి తెచ్చిన చెక్క పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ముందర జాలీ కొట్టి, పావురాల గూడు కట్టాడు. మదనపల్లెలో టమాటా పెట్టెలకేం కరువు!

అప్పట్లో మాకు పావురం అంటే సినిమా పావురమే. 1989 నాటి 'మైనే ప్యార్ కియా' తెలుగులో 'ప్రేమ పావురాలు' పేరుతో వచ్చి ఊళ్ళన్నీ ఊపేసింది. ఆ సినిమా చూసినవాళ్ళెవరో భాయ్ దగ్గరికొచ్చి తెల్ల పావురం ఒకటి కావాలని అడిగారట. చీటీ కట్టి పంపించడానికి. ఆయన నవ్వి చెప్పిన జవాబు మాకు చాలా రోజులు నవ్వుల ముచ్చట. "అది నువ్వు చెప్పిన ఇంటికి పోదు నాయనా. దాని ఇంటికి అది పోతాది. ఆ పాప ఇంట్లో పెరిగిన పావురాన్ని గంపలో పెట్టుకొచ్చి నీ దగ్గర ఉంచుకోవల్ల. అప్పుడు వదిల్తే ఆ పాప ఇంటికి పోతాది. ఆ పాప మీ ఇంటికి పంపల్లంటే మీ పావురం ఆడ ఉండల్ల. గంపలు ఎవరు మోస్తారు? నువ్వే. దానికి ఉత్తరం సంగతి తెలీదు, ఇల్లు తెలుసు అంతే."

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే పావురాల టపా చరిత్ర అంతా అర్థమైపోతుంది. పావురం వన్ వే లింకు. అటునుంచి ఇటు రావాలంటే ముందు ఇటునుంచి అటు ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి. ఆ మోసుకెళ్ళేవాడు, ఇంటి దగ్గర మేపేవాడు, వీళ్ళు లేకపోతే లింకే లేదు. చరిత్ర పుస్తకాల్లో మాత్రం మనకి ఎగిరే పావురం ఒక్కటే కనిపిస్తుంది.

రాయిటర్స్ వార్తాసంస్థ సంగతే తీసుకోండి. 1850లో జర్మనీలోని ఆఖెన్ దాకా టెలిగ్రాఫ్ ఉంది, అటు పారిస్ నుంచి బ్రస్సెల్స్ దాకా ఉంది. మధ్యలో తీగ లేదు. ఆ ఖాళీని పాల్ జూలియస్ రాయిటర్ పావురాలతో పూడ్చి, స్టాక్ మార్కెట్ ధరల్ని రైలు కన్నా గంటల ముందే చేరవేశాడు. ఎంత తెలివైనవాడో అనుకుంటాం. కానీ ఆ పావురాలు రాయిటర్‌వి కావు. ఆఖెన్‌లో హైన్రిఖ్ గెల్లర్ అనే పెంపకందారుడివి. ఆయన నలభై ఐదు పావురాల్ని ఒప్పందం మీద ఇచ్చాడు. వాటిని రైల్లో బ్రస్సెల్స్ పంపించేవాళ్ళు, అక్కడినుంచి అవి ధరల కాగితాలతో ఆఖెన్‌లో తమ గూటికి ఎగిరొచ్చేవి. తీగల మధ్య ఖాళీ పూడిపోయాక పావురాల పని అయిపోయింది. రాయిటర్ పేరు ఇప్పటికీ రోజూ వింటున్నాం. గెల్లర్ పేరు మీలో ఎంతమంది విన్నారు?

1870-71లో జర్మన్ సేనలు పారిస్‌ని చుట్టుముట్టినప్పుడూ ఇదే కథ. పారిస్‌లో పెంపకందారుల దగ్గరున్న పావురాల్ని బెలూన్లలో ఊరి బయటికి పంపారు. బయటినుంచి వచ్చే ఉత్తరాల్ని రెనే డాగ్రోన్ అనే ఫోటోగ్రాఫర్ సూక్ష్మమైన ఫిల్ము మీదికి తగ్గించి, పావురం తోక ఈకకి కట్టేట్టు చేశాడు. మూడొందలకి పైగా పావురాల్ని వదిలితే ఇల్లు చేరినవి అరవై దాకా. చలి, డేగలు, తుపాకులు. అందుకని ఒకే సందేశాన్ని చాలా పావురాలకి కట్టి పంపేవాళ్ళు. మనం రెప్లికేషన్ అంటామే, అదే.

మన దేశంలో పావురాల చరిత్ర వార్తలకన్నా సరదాతోనే ఎక్కువ ముడిపడింది. బాబర్ తండ్రి ఉమర్ షేక్ మీర్జా 1494లో చచ్చిపోయింది యుద్ధంలో కాదు, లోయ అంచున కట్టిన పావురాల గూడు కూలి దానితో పాటు కింద పడి. ఆ సంగతి బాబరే తన ఆత్మకథలో రాసుకున్నాడు. మనవడి కొడుకు అక్బర్‌కీ అదే పిచ్చి. అబుల్ ఫజల్ 'ఐనే అక్బరీ'లో చక్రవర్తి దగ్గర ఇరవై వేలకి పైగా పావురాలున్నాయని, వాటిలో ఐదొందలు ప్రత్యేకమైనవని లెక్క రాశాడు. పావురాలాటకి ఆ పుస్తకంలో ఉన్న పేరు ఇష్క్‌బాజీ, అంటే ప్రేమాట. హైదరాబాదు పాతబస్తీలో హుస్సేనీ ఆలం దగ్గర కబూతర్‌ఖానా అని ఏకంగా ఒక చోటికే పేరుంది.

రాయలసీమలో మా ఊళ్ళకి ఈ సరదా ఎప్పుడు ఎట్లా చేరిందో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ భాయ్ మాటల్లో దాని జాడలు వినిపించేవి. మేత అనడు, దానా అంటాడు. రెక్కల్లో ఈక పర్. నేల మీద పల్టీలు కొట్టేది లోటన్, తోక విసనకర్రలా విప్పేది లక్కా. కుప్పంలో ఆయన చుట్టాలున్నారు. మూడు రాష్ట్రాలు కలిసే ఊరది. అదే పక్షిని ఒకరు పావురం అంటారు, ఇంకొకరు పురా అంటారు, ఇంకొకరు పారివాళ అంటారు. పెంచేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాత్రం అందరిదీ కబూతర్ భాషే.

భాయ్ దగ్గర లోటన్లు, లక్కాలే కాకుండా బెంగుళూరు శివాజీనగర్ నుంచి తెచ్చిన హోమర్ల జత ఒకటి ఉండేది. వాటి పిల్లల్ని ట్రైనింగ్ చేసే పద్ధతి చూస్తే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మొదట గూట్లోంచి చుట్టుపక్కలంతా చూడనిస్తాడు. తర్వాత మిద్దె చుట్టూ తిరగనిస్తాడు. తర్వాత సైకిల్ మీద ఊరి బయటికి తీసుకెళ్ళి వదుల్తాడు. ఆ తర్వాత ఆర్టీసీ బస్సులో వెదురు గంప ఒళ్ళో పెట్టుకుని పుంగనూరు. గాల్లో లెక్కేస్తే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. కొన్ని వారాల తర్వాత పలమనేరు. చివరికి వి.కోట మీదుగా కుప్పం. మ్యాపులో గీత గీస్తే దాదాపు తొంభై కిలోమీటర్లు. ఒక్కో మెట్టు ఎక్కించేటప్పుడూ దిక్కు అదే, దూరం మాత్రం పెరుగుతుంది. ముందురోజు మేత కొంచెం తగ్గిస్తాడు, ఇంటి మీద ధ్యాస ఉండాలని.

కుప్పం రోజు నాకు డ్యూటీ. భాయ్ ముందురోజు సాయంత్రమే పోయి చుట్టాలింట్లో పడుకునేవాడు. పొద్దున సరిగ్గా ఏడింటికి అక్కడ వదుల్తాడు. ఇక్కడ మిద్దె మీద నేను, చేతిలో ఆయన బాగుచేసి ఇచ్చిన పాత వాచీ. ఎనిమిదిన్నరకి కాస్త అటూ ఇటూగా మొదటిది దిగేది. దాని నంబరు, టైము నోటుబుక్కులో రాయాలి. భాయ్ బస్సులు మారి వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. అప్పటికి పావురం తిని, నీళ్ళు తాగి, ఓ నిద్ర కూడా తీసుండేది.

అవి దారెట్లా కనుక్కుంటాయన్నది శాస్త్రవేత్తలు ఇంకా పూర్తిగా తేల్చలేదు. సూర్యుడి దిక్కు, భూమి అయస్కాంత క్షేత్రం, గాలిలో వాసనలు, తెలిసిన గుర్తులు, అన్నిటికీ ఎంతో కొంత పాత్ర ఉందంటారు. 2004లో రోమ్ దగ్గర పావురాలకి జీపీఎస్ కట్టి చూస్తే అవి చాలాచోట్ల హైవేల వెంబడే ఎగిరాయని తేలింది. మా భాయ్ పావురాలు కూడా పలమనేరు మీదుగా బస్సు రూటులోనే వచ్చేవేమో!

సరే, మళ్ళీ వార్తల దగ్గరికొద్దాం. పావురాల టపా ఆధునిక కాలంలో చాలా కాలం నడిచినచోటు మనకి పక్కనే ఉంది. ఒడిశా పోలీసు శాఖలో. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం 200 పావురాల్ని ఇస్తే, 1946లో ప్రయోగంగా కోరాపుట్‌లో మొదలుపెట్టారు. కోరాపుట్ అంటే మనకి పరాయిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అది విశాఖపట్నం జిల్లాలో భాగం, జయపురం జమీందారీ. కొండలు, అడవులు, రోడ్లు లేని ఠాణాలు. వైర్‌లెస్ అందనిచోటికి పావురం అందింది. తర్వాత కటక్ కేంద్రంగా రాష్ట్రమంతా పాకింది.

1948 ఏప్రిల్లో సంబల్‌పూర్‌లో ఉన్న నెహ్రూ, కటక్‌లో తన సభ ఏర్పాట్ల గురించి అధికారులకి పావురం ద్వారానే సందేశం పంపారు. 1982 వరదల్లో బాంకీ పట్టణానికి అన్ని దారులూ తెగిపోతే పావురాలే కబుర్లు మోశాయి. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో ఫోన్లు, వైర్‌లెస్ పడిపోయినప్పుడు మళ్ళీ అవే. 1999 అంటే గుర్తు తెచ్చుకోండి, మన ఇండస్ట్రీ అంతా వై2కే మీద రాత్రింబవళ్ళు పనిచేస్తున్న సంవత్సరం. ఆ తర్వాత కొన్నేళ్ళకి, మొబైళ్ళు, ఈమెయిళ్ళు వచ్చాక, సర్వీసు ఆపేశారు. వారసత్వం పేరుతో కొన్ని పావురాల్ని ఇప్పటికీ కటక్‌లో పెంచుతున్నారు, ఉత్సవాలప్పుడు ఎగరేస్తారు.

ఆ సర్వీసులో మూడు రకాలుండేవి. ఒకటి, పోలీసు పార్టీ తమతోపాటు పావురాల్ని మోసుకెళ్ళి అవసరమైనచోట వదలడం. రెండు, గూటినే బండి మీద కదిలిస్తూ, కదిలే గూటికి పావురాల్ని అలవాటు చెయ్యడం. మూడోది అన్నిటికన్నా కష్టం, బూమరాంగ్. ఒకచోట గూడు, ఇంకోచోట మేత. మేత కోసం అటు, గూటి కోసం ఇటు. అంటే వన్ వే లింకుని డ్యూప్లెక్స్ చేశారన్నమాట. ఏ చిప్పూ లేకుండా, కేవలం గింజలు ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్న లెక్కతో.

ఆ లెక్క చూసింది పోలీసు ఉద్యోగంలో చేరిన కానిస్టేబుళ్ళు. దొంగల్ని పట్టుకుందామని చేరుంటారు, పావురాల గూళ్ళు కడిగారు. ఈ పని ఎంతో బయటివాళ్ళకి తెలీదు కాబట్టి కాస్త చెప్తాను. పొద్దున్నే నీళ్ళు మార్చాలి. పావురం మిగతా పక్షుల్లా గుక్క పట్టి తల పైకెత్తదు, ముక్కు ముంచి పీల్చేస్తుంది, కాబట్టి గిన్నెలో కాస్త లోతు ఉండాలి. జొన్నలు, సజ్జలు ఒకటే చాలవు, పెసలో సెనగలో కలపాలి. పళ్ళు లేని ప్రాణి, లోపల గింజ నలగాలంటే గరుకిసుక, గుల్ల నలగ్గొట్టిన ముక్కలు తినాలి. వారానికి ఒకట్రెండు సార్లు స్నానానికి తొట్టి. రెట్టలు రోజూ గీకాలి, ఆరిపోతే ఆ దుమ్ము పీల్చేవాడి ఊపిరితిత్తులకే చేటు. డాక్టర్లు దానికి పావురాల పెంపకందారుల పేరే పెట్టారు. గుడ్లు రెండు, పదిహేడు పద్ధెనిమిది రోజులు పొదుగు, ఆడా మగా వంతులేసుకుని కూర్చుంటాయి. పిల్లలకి మొదటి రోజుల్లో గింజ కాదు, తల్లీ తండ్రీ ఇద్దరూ మెడ సంచిలో ఊరే పాలలాంటి పదార్థం పట్టిస్తాయి. ఆ పది రోజుల్లో గూడు చెదిరితే పిల్లలు దక్కవు. మెడ తిప్పేసే జబ్బొకటి ఉంది, ఒకదానికొస్తే వెంటనే విడిగా పెట్టాలి. సాయంత్రం లెక్కపెట్టి, గొళ్ళెం పెట్టాలి. పిల్లి ఒక్క రాత్రి కోసం ఏడాదంతా కాచుక్కూర్చుంటుంది.

మన భాషలో చెప్పాలంటే ఇదంతా ఆపరేషన్స్. పావురం వేగం గురించి, తెలివి గురించి ఎన్నో రాశారు. అది ఎగిరింది గంటన్నర. మిగతా ఇరవై రెండున్నర గంటలు దానికి ఇల్లు అనేది ఉండేట్టు చూసింది ఒక మనిషి. నెహ్రూ సందేశం సంబల్‌పూర్ నుంచి కటక్ చేరిందంటే, కటక్‌లో ఎవరో రోజూ గిన్నె కడిగారు కాబట్టి. ఆ మనిషి ఒక్కరోజు మర్చిపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

1996లో భాయ్ కువైట్ పోయాడు. మా వైపు అది మామూలే, ప్రతి వీధికీ ఇద్దరు ముగ్గురు కువైట్లో ఉంటారు. పోయేముందు లోటన్లూ లక్కాలూ అమ్మేసి, హోమర్లు పద్నాలుగూ ఉంచుకున్నాడు. వాటిని, ఒక సంచి దానాని, ఆ నోటుబుక్కుని నాకు అప్పగించాడు. ఏ జత ఎప్పుడు గుడ్లు పెట్టిందో, ఏది కుప్పం నుంచి ఎంతసేపట్లో వచ్చిందో అన్నీ అందులో ఉన్నాయి. "మగ్రిబ్ లోపల గొళ్ళెం పెట్టేయ్ రా. ఇంకేం మర్చిపోయినా అది మర్చిపోవద్దు" అన్నాడు.

మార్చి 9న బెంగుళూరులో ఇండియా పాకిస్తాన్ వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, డే నైట్ మ్యాచ్. ఆరోజు ఎవరు ఎక్కడున్నారో ఇప్పటికీ చెప్పగలరు కదా. జడేజా వకార్‌ని ఉతికేయడం, ప్రసాద్ సొహైల్ వికెట్లు లేపడం. గెలిచాక వీధిలో టపాకాయలు కాల్చి అర్ధరాత్రి దాటాక పడుకున్నాను. పొద్దున మిద్దె ఎక్కితే గూడు తలుపు తెరిచే ఉంది. తొమ్మిది పోయాయి. రెండు పెట్టెల్లో పిల్లలు కూడా ఉండేవి.

మిగిలిన ఐదింటిని, పరీక్షలు దగ్గరపడ్డాయని, మా నాయన పుంగనూరులో తెలిసినవాళ్ళకి ఇచ్చేశాడు. వాళ్ళు నెలన్నర కట్టేసి ఉంచి వదిలారట. ఆ సాయంత్రానికే రెండు మా మిద్దె మీద ఉన్నాయి. ఖాళీ టమాటా పెట్టెల మీద కూర్చుని కువకువలాడుతున్నాయి. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. వాటిని చూస్తే భాయ్ ఇంట్లోవాళ్ళు మిగతావి ఏవని అడుగుతారని, కట్టె తీసుకుని తరిమాను. పోయేవి, మళ్ళీ సాయంత్రానికి వచ్చేవి. వారం పైనే అట్లా వచ్చాయి. ఒకరోజు రాలేదు. కువైట్ నుంచి భాయ్ రాసిన ఉత్తరాలకి మాత్రం "అన్నీ బాగున్నాయి" అని జవాబు రాస్తూనే ఉన్నాను.

మూడేళ్ళ తర్వాత ఆయన వచ్చాడు. పావురాల గురించి అడగలేదు, నోటుబుక్కు అడిగాడు. ఇచ్చాను. చివరి పేజీ తీసి చూశాడు. చివరి తేదీ 8-3-96. "మ్యాచ్ ముందురోజు" అన్నాడు, అంతే. దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టుంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఇప్పుడు మన బాల్కనీల్లో వాలే పావురాలు ఎక్కడివి? వేల ఏళ్ళ కిందట మనిషి కొండల్లోంచి తెచ్చి మచ్చిక చేసుకున్న పావురాల వారసులు చాలా ఉన్నాయి వాటిలో. గూళ్ళు మూసేసినప్పుడు, యజమానులు ఊళ్ళు విడిచినప్పుడు మిగిలిపోయినవాటి సంతతి. రాతి కొండల్లో బతికే జాతికి మన అపార్ట్‌మెంట్లు కూడా కొండల్లాగే కనిపిస్తాయి. 2025లో ముంబైలో కబూతర్‌ఖానాలు మూసేయాలని కార్పొరేషన్ పూనుకుంటే దాదర్‌లో పెద్ద గొడవే అయింది. ఒకవైపు దయ, ఇంకోవైపు ఊపిరితిత్తుల జబ్బులు. రెండువైపులా నిజం ఉంది. పిడికెడు గింజలు చల్లి పుణ్యం మూటగట్టుకుని, కింద రెట్టలు ఎవరు కడుగుతారో చూడకుండా పోవడం దయ అని నేననుకోను. భాయ్ లాంటివాళ్ళు చేసింది అది కాదు.

కాబట్టి మా బాల్కనీకీ వల పడుతుంది. మూడో ఫ్లోరు ఆవిడ దగ్గు నాకు ముఖ్యమే. వల కట్టేవాళ్ళు వచ్చే ముందు మాత్రం ఏసీ వెనకాల చూశాను. రెండు గుడ్లున్నాయి. ఇంకో నెలన్నర ఆగి రమ్మన్నాను. అసోసియేషన్ సెక్రటరీకి అది నచ్చలేదు. ఫరవాలేదు. ఆ నెలన్నరా రెట్టలు గీకే డ్యూటీ నాదేనని, మాస్కు కట్టుకుని రోజూ తడిపి తుడుస్తానని చెప్పి ఒప్పించాను.

భాయ్ ఇప్పుడు లేడు. ఆ నోటుబుక్కు ఏమైందో వాళ్ళింట్లోవాళ్ళకీ తెలీదు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఇట్లాంటి నోటుబుక్కులు ఇంకా కొన్ని ఉండే ఉంటాయి. ఏ పావురం ఎక్కణ్ణుంచి ఎంతసేపట్లో వచ్చింది, ఏ జతకి ఎన్ని పిల్లలు, ఏ ఏడాది ఏ జబ్బు అన్నీ రాసినవి. రాయిటర్ చరిత్ర రాయిటర్స్ రాసుకుంటుంది, ఆర్ఎఫ్‌సీలు ఎక్కడికీ పోవు. వీటినే ఎవరూ దాచరు. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ వీధిలో మిద్దె మీద జాలీ గూడు కనిపిస్తే, ఒక్కసారి ఎక్కి పలకరించండి. ఆయన మొదట పావురాల గురించే చెప్తాడు. మీరు ఆయన గురించి అడగండి.